దొరకలేదంటే లేదని కాదు: సైన్స్ లైబ్రరీలో అపోహలు - వాస్తవాలు

సైన్స్ లైబ్రరీలో రిఫరెన్స్ డెస్కు దగ్గర కూర్చుంటే రోజుకు నాలుగైదు సార్లు వినిపించే మాట ఒకటుంది: "వెతికానండీ, ఏమీ దొరకలేదు." ఎక్కడ వెతికారు, ఏమని టైప్ చేశారు అని అడిగితే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. మిగతా వాటిలో తిప్పలు ఇంకో రకం. దొరుకుతుంది, కానీ దొరికినదాన్ని నమ్మడానికి ఉండదు. చదువుకునే పిల్లలే కాదు, ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్లు కూడా నిజమనుకునే కొన్ని మాటల గురించి రాస్తున్నాను.

అపోహ: గూగుల్ స్కాలర్ ఒక్కటి చాలు.

పరిశోధన పేపర్లు వెతికిపెట్టే ఆ సైట్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు, నేనూ రోజూ వాడతాను. మంచి పేపర్ ఒకటి చేతిలో ఉంటే, తర్వాత దాన్ని ఎవరెవరు ఉదహరించారో "సైటెడ్ బై" నొక్కి చూసుకోవడం చాలా సులువు. కానీ తన దగ్గర ఏయే జర్నళ్లు ఉన్నాయో అది జాబితా ఇవ్వదు. లక్ష ఫలితాలున్నాయని చెప్పినా మొదటి 1000 దాటి చూడనివ్వదు. ఏ రివ్యూ లేకుండా డబ్బు తీసుకుని అచ్చేసే జర్నల్‌లోని పేపరూ, మంచి పేపరూ పక్కపక్కనే వస్తాయి. సిస్టమాటిక్ రివ్యూ, అంటే ఒక ప్రశ్న మీద వచ్చిన పరిశోధనలన్నీ పద్ధతిగా వెతికి సమీక్షించే పని, చేసేవాళ్లు "ఇలా వెతికాం, ఇవి వచ్చాయి" అని ఇంకొకరు సరిచూసుకునేలా రాయాలి. ఆ పనికి ఇది ఒక్కటే సరిపోదు.

అపోహ: నా టాపిక్ మీద ఎవరూ పని చేయలేదు.

ఒకసారి ఓ రీసెర్చ్ స్కాలర్ ఇదే మాట చాలా సంతోషంగా చెప్పాడు. వైద్య, జీవశాస్త్ర వ్యాసాల డేటాబేస్ పబ్‌మెడ్‌లో మూడే మూడు ఫలితాలట. స్క్రీన్ చూపించమన్నాను. థీసిస్ టైటిల్‌లోంచి ఆరు పదాలు యథాతథంగా తెచ్చి కోట్స్‌లో పెట్టేశాడు.

పబ్‌మెడ్‌లో "హార్ట్ ఎటాక్" అని కోట్స్ లేకుండా టైప్ చేస్తే, అది ఆ రెండు మాటల దగ్గరే ఆగదు. లోపల మెష్ అనే పదకోశం ఉంది. అందులో ఆ జబ్బు పేరు "మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్". మీరు అడగకపోయినా ఆ పేరుతో ఉన్న వ్యాసాలు కూడా తెచ్చిపెడుతుంది. కోట్స్ పెట్టారా, ఈ సాయం ఆగిపోతుంది. మీ మాటను అది ఎలా అర్థం చేసుకుందో అడ్వాన్స్‌డ్ పేజీలో, సెర్చ్ హిస్టరీ పక్కనున్న డీటెయిల్స్ తెరిస్తే కనిపిస్తుంది. నేను నేర్పే మొదటి పాఠం అదే. ఇంకో మాట: పబ్‌మెడ్‌లోని ప్రతి వ్యాసానికీ మెష్ పదాలు ఉండవు. అందుకే మెష్ పదంతోనూ, మామూలు మాటలతోనూ కలిపి వెతకాలి.

ఆ అబ్బాయి టైటిల్‌ను రెండు భావాలుగా విడదీసి మధ్యలో "అండ్" పెట్టాం. రెండు వందల పైచిలుకు వచ్చాయి. పాపం, ముఖం వాడిపోయింది. వైవాలో వాడిపోవడం కంటే నయం కదా అన్నాను.

అపోహ: కెమిస్ట్రీలో పేరుతో వెతికితే సరిపోతుంది.

నాకు బాగా ఇష్టమైన విషయం ఇది, కాస్త ఓపిక పట్టండి. ఆస్పిరిన్ అన్నా, అసిటైల్‌శాలిసిలిక్ యాసిడ్ అన్నా, 2-అసిటాక్సీబెంజోయిక్ యాసిడ్ అన్నా పదార్థం ఒక్కటే. ఒక పేరుతో వెతికితే ఇంకో పేరుతో రాసినవి జారిపోవచ్చు. అందుకే కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ సర్వీస్ ఒక్కో పదార్థానికి ఇచ్చే సీఏఎస్ నంబర్ వాడతాం. ఆస్పిరిన్‌ది 50-78-2, నీళ్లది 7732-18-5.

ఆ చివరి అంకె ఊరికే పెట్టింది కాదు. నీళ్ల నంబర్‌లో చివరి 5ను పక్కన పెట్టి, మిగిలిన అంకెలను కుడి నుంచి ఎడమకు వరసగా 1, 2, 3, 4, 5, 6తో గుణించండి: 8, 2, 6, 12, 35, 42. మొత్తం 105. దాని చివరి అంకె 5, నంబర్ చివర ఉన్నదీ 5. లెక్క కుదరకపోతే నంబర్ ఎక్కడో తప్పు పడినట్టే. పాత ల్యాబ్ నోట్‌బుక్ నుంచి దించుకున్న నంబర్లలో తప్పుల్ని ఇలా కాగితం మీదే పట్టుకోవచ్చు.

దీనికి ఖరీదైన కెమిస్ట్రీ డేటాబేస్ సైఫైండర్ ఉండి తీరాలనేది కూడా అపోహే. సీఏఎస్ కామన్ కెమిస్ట్రీలో దాదాపు 5 లక్షల పదార్థాలు ఉచితంగా చూడొచ్చు. పబ్‌కెమ్ ఉంది, భౌతిక ధర్మాలకూ స్పెక్ట్రాలకూ నిస్ట్ కెమిస్ట్రీ వెబ్‌బుక్ ఉంది. అయితే రసాయన చర్యలూ, పేటెంట్లూ లోతుగా తవ్వాలంటే మాత్రం సైఫైండర్ లేని లోటు తెలుస్తుంది.

అపోహ: డీఓఐ ఉందంటే పీర్ రివ్యూ అయినట్టే.

కాదు. పీర్ రివ్యూ అంటే ఆ రంగం నిపుణులు పేపర్‌ను పరిశీలించడం. డీఓఐ ఆన్‌లైన్‌లో పెట్టినదానికి ఇచ్చే శాశ్వత చిరునామా లాంటిది, అంతే. పరిశోధన ఫైళ్లు దాచుకునే జెనోడో సైట్‌లో స్లైడ్లు అప్‌లోడ్ చేసినా డీఓఐ వస్తుంది.

అపోహ: సబ్‌స్క్రిప్షన్ లేకపోతే ఆ పేపర్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

ముందు బ్రౌజర్‌లో అన్‌పేవాల్ ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. రచయితలు చట్టబద్ధంగా బయట పెట్టిన కాపీ ఉంటే చూపిస్తుంది. ఫిజిక్స్, మ్యాథ్స్ వాళ్లకు 1991 నుంచి ఆర్కైవ్ (arXiv) అనే సైట్ ఉంది. అక్కడ మోడరేషన్ ఉంటుంది గానీ పీర్ రివ్యూ ఉండదు, కాబట్టి జర్నల్‌లో వచ్చిన రూపం ఉందేమో కూడా చూడాలి. వైద్య, జీవశాస్త్రాలకు పబ్‌మెడ్ సెంట్రల్ ఉంది. చాలామంది దీన్నీ పబ్‌మెడ్‌నూ ఒకటే అనుకుంటారు. పబ్‌మెడ్‌లో ఉండేది వివరాలూ, సారాంశమూ. పూర్తి పాఠం ఉండేది సెంట్రల్‌లో. ఇవేవీ కాకపోతే ఇంకో లైబ్రరీ నుంచి తెప్పించే ఇంటర్ లైబ్రరీ లోన్ కోసం మమ్మల్ని అడగండి. దానికి మొహమాటం దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అపోహ: తప్పని తేలిన పేపర్‌ను తీసేస్తారు.

తీసేయడం అరుదు. ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ బృందం పేపర్ 1998లో లాన్సెట్‌లో వచ్చింది. ఆ జర్నల్ దాన్ని పూర్తిగా ఉపసంహరించింది 2010లో, అంటే 12 ఏళ్లకు. ఇప్పటికీ ఆ పేజీ ఉంది, మీద "రిట్రాక్టెడ్" అన్న ముద్రతో. ముద్ర పడకముందు దించుకున్న పీడీఎఫ్‌లో అది ఉండదు. అసలు చిక్కు అక్కడే. ఇలా ఉపసంహరించిన పేపర్ల జాబితా అయిన రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌ను 2023లో, డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ కొని అందరికీ ఉచితంగా తెరిచింది. రిఫరెన్సులు దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ జొటెరోలో మీరు పెట్టుకున్న పేపర్ ఆ జాబితాలోకి ఎక్కితే హెచ్చరిక కనిపిస్తుంది. జొటెరో వాడమని నేను పోరు పెట్టడానికి ఇదొక్కటే కారణమైనా సరిపోతుంది.

అపోహ: ఏఐ ఇచ్చిన రిఫరెన్సులు లైబ్రరీలో దొరకకపోతే లోపం లైబ్రరీది.

ఈ మధ్య ఎక్కువైన బాధ ఇది. ఒకాయన ఐదు రిఫరెన్సులు తెచ్చి కాపీలు కావాలన్నారు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. రచయితలు ఆ రంగంలో ఉన్నవాళ్లే, జర్నళ్లు నిజమైనవే. ఒక దాని డీఓఐ నొక్కితే సంబంధం లేని ఇంకేదో పేపర్ తెరుచుకుంది. ఇంకోదాని డీఓఐ అసలు తెరుచుకోలేదు. మూడోదానికి డీఓఐ లేదు. ఆ జర్నల్, ఆ వాల్యూమ్, ఆ పేజీకి వెళ్తే ఉన్నది వేరే వ్యాసం. టైటిల్‌ను క్రాస్‌రెఫ్‌లో వెతికితే ఏమీ లేదు. ముప్పావు గంట పట్టింది. దొరకలేదంటే లేదని కాదు అని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చినదాన్ని, ఇప్పుడు నిజంగానే లేదని రుజువు చేయాల్సి వస్తోంది.

రెండు మాత్రం అసలైనవే, వాటి కాపీలు పంపాను. మిగతా మూడూ ఎక్కడా లేవని వివరంగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "పోనీ, ఇంకో లైబ్రరీలో ఉంటాయేమో ఒకసారి అడిగి చూడండి మేడమ్" అన్నారు.