టైరు అరిగితే జవాబు ఎవరిది? స్టీరింగ్ కోణాల వెనుక పాత కథ

టైర్ల అంచులు అకాలంగా అరిగిపోతున్నాయన్న కారు యజమానుల ఫిర్యాదు మళ్లీ చర్చకు వచ్చింది. ఈసారి దానికి బలం చేకూర్చింది యూరోపియన్ యూనియన్ 2024లో ఆమోదించిన యూరో 7 నిబంధన. అంతవరకూ ప్రధానంగా పొగగొట్టం చుట్టూ తిరిగిన కాలుష్య నియమాలు, బ్రేకుల ధూళితో పాటు టైర్ల నుంచి రాలే రేణువులకు కూడా తొలిసారి హద్దు విధించాయి. కార్ల టైర్లకు ఆ హద్దు 2028 నుంచి దశలవారీగా అమలవుతుంది. దీంతో అరుగుదల టైరు దోషమా, ఆ టైరును నేలమీద ఏ కోణంలో నడిపించాలో నిర్ణయించిన స్టీరింగ్ అమరిక దోషమా అన్న తగవుకు కొత్త ప్రాణం వచ్చింది.

మలుపులో రెండు ముందు చక్రాలు వేర్వేరు కోణాల్లో తిరగాలన్న మ్యూనిక్ బండ్ల తయారీదారు లాంకెన్‌స్పెర్గర్ ఆలోచనకు లండన్‌లో 1818లో పేటెంటు తీసుకున్న అకర్‌మన్ పేరు స్థిరపడిన వైనం చాలామందికి తెలిసినదే. ఆ సూత్రం ప్రకారం మలుపులో నాలుగు చక్రాలూ ఒకే కేంద్రం చుట్టూ తిరగాలి కాబట్టి, లోపలి ముందు చక్రం బయటి దానికంటే ఎక్కువ కోణంలో తిరగాలి. ముందు వెనుక ఇరుసుల మధ్య 2.7 మీటర్లు, ముందు చక్రాలు తిరిగే కీలక బిందువుల మధ్య 1.55 మీటర్లు ఉన్న కారులో లోపలి చక్రం 38 డిగ్రీలు తిరిగితే బయటిది 28 డిగ్రీల దగ్గరే ఆగాలి. చక్రం ఎటు చూస్తే అటే కదులుతుందన్నది ఈ లెక్కలో దాగిన ఊహ.

ఆ ఊహ 1925లో చెదిరింది. నేటి వివాదానికి మూలం పేటెంటు నాటి సంగతులలో కంటే ఇక్కడే ఉందని చెప్పాలి. గాలి నింపిన టైరు పక్కకు సాగే గుణం కలది కాబట్టి, మలుపులో పక్కకు నెట్టే బలం (పక్కబలం) పడినప్పుడు అది తాను చూసే దిశకూ కదిలే దిశకూ మధ్య కొంత కోణం విడిచి నడుస్తుందని ఫ్రెంచి ఇంజనీరు జార్జ్ బ్రూలియే వివరించాడు. దానినే స్లిప్ యాంగిల్ అంటున్నాం. 1930లలో జనరల్ మోటార్స్‌లో మారిస్ ఆలీ వంటివారు కారు నడత అధ్యయనాన్ని ఈ భావన మీదే నిలబెట్టారు. వేగంగా మలుపు తిరిగే కారులో బరువు ఎక్కువగా బయటి టైరు మీదికి ఒరుగుతుంది గనుక పాత కోణాల లెక్కకు కట్టుబడనవసరం లేదని తేలింది. శాస్త్రం వరకు ఇందులో తప్పేమీ లేదు. అయితే కారును నిలిపే చోట, ఇరుకు మలుపులో, నడక వేగంతో స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు పక్కబలం దాదాపు ఉండదు, అక్కడ 1818 నాటి లెక్కే ఇప్పటికీ సరైనది. వేగానికి దొరికిన మినహాయింపును నిర్మాతలు నిదానానికి కూడా వాడుకున్నారు.

అందుకు కారణం బానెట్ కింద చోటు కరవు. 1959 నాటి మినీ తర్వాత అడ్డంగా అమర్చిన ఇంజన్, ముందు చక్రాల డ్రైవ్ చిన్న కార్లలో క్రమంగా మామూలయ్యాయి. చక్రానికి శక్తినిచ్చే షాఫ్టు కీలు ఎంత వంగగలదన్నది, చక్రపు గూడు ఎంత వెడల్పుందన్నది కలిసి లోపలి చక్రం కోణానికి హద్దు గీస్తాయి. ఇక కారు తక్కువ చోటులో తిరగాలంటే మిగిలిన సులువైన మార్గం బయటి చక్రాన్ని లెక్క చెప్పిన దానికంటే ఎక్కువ తిప్పడం. అలా అదనంగా తిప్పిన ఒక్కో డిగ్రీకి టర్నింగ్ సర్కిల్, అంటే కారు గుండ్రంగా తిరగడానికి కావలసిన వృత్తపు వ్యాసం, సుమారు పదో వంతు మీటరు తగ్గుతుంది. స్టీరింగ్ ర్యాక్‌ను, అంటే చక్రాలను తిప్పే అడ్డ కడ్డీని, ఇరుసుకు ముందు పెట్టిన కార్లలో మరో చిక్కు ఉంది: సరైన కోణాలు రావాలంటే ఆ కడ్డీని చక్రానికి కలిపే స్టీరింగ్ ఆర్మ్ చివర చక్రం వైపు జరగాలి, కానీ ఆ చోటును బ్రేకు డిస్కు, రిమ్ము ముందే ఆక్రమించుకుని ఉంటాయి. కారు వివరాల పట్టికలో టర్నింగ్ సర్కిల్ అచ్చవుతుంది, దానికోసం వదులుకున్న కోణం అచ్చు కాదు.

ఈ సర్దుబాటు ఫలితం గత దశాబ్దంలో బ్రిటన్, ఆస్ట్రేలియాలలో కుడివైపు స్టీరింగ్ ఉన్న కొన్ని ఫోర్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీల యజమానులకు అనుభవంలోకి వచ్చింది. చలి ఉదయాలలో స్టీరింగ్ చివరిదాకా తిప్పి కదిలిస్తే, రెండు ముందు చక్రాలు వేర్వేరు కేంద్రాల కోసం పెనుగులాడి, వెడల్పాటి టైర్లు పట్టు వదులుతూ మళ్లీ పట్టుకుంటూ ఎగిరెగిరి పడేవి. ఇది అమరిక స్వభావమేనని, ప్రమాదమేమీ లేదని, చలికి గట్టిపడని టైర్లు వేసుకుంటే తగ్గుతుందని నిర్మాతల వైపు నుంచి సమాధానం వచ్చింది. తగ్గడం నిజమే. మెత్తని రబ్బరు ఆ పెనుగులాటను చప్పుడు లేకుండా భరిస్తుంది, కోణాలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి.

టైరు మొత్తం అరుగుదలలో ఈ ఇరుకు మలుపుల వాటాను పెంచి చెప్పడం కూడా సరికాదు, ఎందుకంటే అవి కొద్ది మీటర్ల వ్యవహారం. నేరుగా సాగే దారిలో చక్రం 0.1 డిగ్రీ పక్కకు చూసినా కిలోమీటరుకు 1.7 మీటర్ల మేర పక్కకు ఈడ్చుకుపోయినట్టే. టో అనే ఆ చిన్న కోణమే టైరును ఎక్కువగా తినేస్తుంది. గాలి సరిగా లేకపోవడం, గతుకులకు అలైన్‌మెంట్ చెదరడం, బ్యాటరీ కార్ల బరువు అంటూ నిర్మాతలు చూపే కారణాలలో నిజం ఉంది. కానీ సస్పెన్షన్ పైకీ కిందికీ ఆడినప్పుడు టో ఎంత మారాలన్నది, నిలకడ కోసం చక్రాన్ని ఎంత లోపలికి వాల్చాలన్నది నిర్ణయించేది వారే. అలైన్‌మెంట్ యంత్రం అంతా పరిమితిలోనే ఉందని చూపించాక, ఆ పరిమితే సరైనదా అని అడిగే అవకాశం యజమానికి లేదు.

వేరే దారి లేక కాదు. వెనుక చక్రాలను ఎదురు దిశలో తిప్పితే ముందు చక్రాల మీద భారం వేయకుండానే టర్నింగ్ సర్కిల్ తగ్గుతుంది. 1987లో హోండా ప్రెల్యూడ్ యాంత్రికంగానే ఆ పని చేసి చూపింది, నేటి కొన్ని ఖరీదైన కార్లలో వెనుక చక్రాలు 10 డిగ్రీల వరకు తిరుగుతున్నాయి. ఇది అదనపు ఖర్చుతో కూడిన పని గనుక చవక కార్ల దాకా పెద్దగా రాలేదు. యూరో 7 విధించిన కొత్త హద్దుకు ఆధారమైన పరీక్ష అయితే ఒక టైరు అరుగుదలను ప్రామాణిక టైరు అరుగుదలతో పోల్చి చూస్తుంది. టైరు ఆ పరీక్ష నెగ్గాక అమ్ముడైన కారులో ఏ కోణంలో నడుస్తుందన్నది అందులో లెక్కకు రాదు.