గోడకు రెండు వైపులా నీరు

బుడమేరు వాగు వరదలో దెబ్బతిన్న పాత ఇంటిని పడగొట్టి, విజయవాడ సింగ్‌నగర్‌లో అదే స్థలంలో కొత్త ఇల్లు కట్టుకుంటున్న ఒక పాఠకుడు ఇలా అడిగారు: ప్రహరీని ఐదడుగులకు లేపి, గేటు అంచులకు రబ్బరు పట్టీ బిగించి, చుక్క నీరు లోపలికి రాకుండా చేసుకోవచ్చా? చేసుకోవచ్చు. అయితే మామూలు ఇటుక గోడతో ఆ పని చేస్తే, నీటిని నెమ్మదిగా లోపలికి రానిచ్చిన గోడకంటే అదే ముందుగా కూలుతుంది.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వీధుల్లోకి వచ్చిన నీరు రోజుల తరబడి కదలక నిలిచిపోయింది. బుడమేరు నీటిని మళ్ళింపు కాలువ ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతుంది. ఆ కృష్ణే బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహంతో నిండి ఉన్నప్పుడు కాలువ నీటిని నది తీసుకోలేదు. కాబట్టి మన ఇళ్ళ విషయంలో ముందుగా లెక్క వేయవలసినది వేగంగా కొట్టుకుపోయే నీటి దెబ్బను కాక, నిలిచిన నీటి బరువును.

నీటి లోతు 1 మీటరు ఉన్నప్పుడు అడుగున ప్రతి చదరపు మీటరు మీద పడే పీడనం దాదాపు 1 టన్ను. పైన సున్నా, అడుగున 1 టన్ను. సగటున అర టన్ను. అంటే ప్రహరీ పొడవులో ప్రతి మీటరునూ అర టన్ను బలం పక్కకు నెడుతూ ఉంటుంది, ఆ బలం అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో పనిచేస్తుంది. గోడను పడగొట్టే భ్రామకం (బలాన్ని అది పనిచేసే ఎత్తుతో హెచ్చిస్తే వచ్చే తిప్పే ప్రభావం) 1/2 × 1/3, అంటే 0.167 టన్ను-మీటర్లు. దీనికి ఎదురు నిలిచేది గోడ సొంత బరువు. తొమ్మిది అంగుళాల మందం, 1.5 మీటర్ల ఎత్తు ఉన్న ఇటుక గోడ మీటరు పొడవుకు సుమారు 0.65 టన్నులు తూగుతుంది. దాని మందంలో సగం దూరంతో హెచ్చిస్తే వచ్చేది 0.075 మాత్రమే. రెండూ సమానమయ్యే లోతును లెక్క కడితే 77 సెంటీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. సిమెంటు పట్టు, మధ్యలో వేసిన పిల్లర్లు దీనికి కొంత కలుపుతాయి. నానిన మట్టి మీద కదిలే పునాది కొంత తీసేస్తుంది. లోతు రెట్టింపైతే పక్కకు నెట్టే బలం నాలుగు రెట్లు, పడగొట్టే భ్రామకం ఎనిమిది రెట్లు అవుతుంది. పాఠశాలలో పీడన సూత్రాన్ని వల్లె వేయించే ఉపాధ్యాయులు ఒక్కసారి బడి ప్రహరీకే ఈ లెక్క వేయిస్తే, ఆ సూత్రాన్ని పిల్లలు జన్మలో మరచిపోరు.

కృష్ణలంక దగ్గర నదిని ఆపి ఉంచిన రిటైనింగ్ వాల్ ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. అది ఈ భ్రామకాన్ని ముందే లెక్కగట్టి, ఇనుముతో, కాంక్రీటుతో, లోతైన పునాదితో కట్టిన గోడ. నాలుగున్నర అంగుళాల ప్రహరీకి దానితో పోలిక లేదు.

ఇప్పుడు అదే నీరు గోడకు లోపలి వైపునా అంతే ఎత్తుకు చేరిందనుకుందాం. అటు అర టన్ను, ఇటు అర టన్ను. నికరంగా మిగిలేది సున్నా. గోడను కూల్చేది రెండు వైపుల మట్టాల మధ్య ఉన్న తేడాయే. బావిలోకి దింపిన బిందె సంగతి అందరికీ తెలిసిందే: ఖాళీ బిందెను నిటారుగా నీటిలోకి అదిమితే చేతిని పైకి తంతుంది, మూతి ఒక పక్కకు వంచి నీరు తాగనిస్తే ఏ పెనుగులాటా లేకుండా మునుగుతుంది. ఇక్కడ గమనించవలసింది, బిందె ఎంత బరువుందన్నదానికంటే అది ఎంత చోటు ఆక్రమించిందన్నదే తన్నుడును నిర్ణయిస్తుంది. ఇత్తడి బిందె సైతం ఖాళీగా ఉన్నంతసేపు తేలుతుంది.

అందువల్ల వరద ప్రాంతంలో నేలమట్టపు గదిని స్టోరుగానో పార్కింగుగానో మూసి కట్టేవారు, ఆ గోడలకు అడుగునే నీటి దారులు ఉంచాలి. అమెరికాలో వరద ప్రాంతాల నిబంధన ప్రకారం మూసిన నేల వైశాల్యంలో ప్రతి చదరపు మీటరుకు సుమారు 70 చదరపు సెంటీమీటర్ల రంధ్రం ఉండాలి, కనీసం రెండు రంధ్రాలు వేర్వేరు గోడలలో ఉండాలి, వాటి అడుగు అంచు నేల నుంచి ఒక అడుగుకు మించి పైకి పోకూడదు. 100 చదరపు మీటర్ల పార్కింగుకు 30 సెంటీమీటర్ల చదరపు కంతలు ఎనిమిది సరిపోతాయి. ఈ కంతలు రెండు దిక్కులా పనిచేయాలి, ఎందుకంటే వరద తీసేటప్పుడు లోపల ఇరుక్కున్న నీరు గోడను బయటకు నెడుతుంది.

నివాసపు గదులను మాత్రం నీటి గుర్తుకు పైన పెట్టుకోవడమే సరైన మార్గం. నేషనల్ బిల్డింగ్ కోడ్ చెప్పే 45 సెంటీమీటర్ల పునాది ఎత్తు వాన నీరు పక్కకు పోవడానికి ఉద్దేశించినది. దాన్ని వరద రక్షణగా భావించకూడదు. రోడ్డు నుంచి ఎత్తు కొలవడమూ ప్రమాదమే, ఎందుకంటే రోడ్డు మీద రోడ్డు వేసి మన గుమ్మాన్ని అడుగున పడేసే అలవాటు ఊరూరా ఉంది. 2024 వరద గోడల మీద వదిలిన బురద చారను పక్కా గుర్తుగా తీసుకుని, దానికి పైన రెండడుగులైనా కలిపి మొదటి స్లాబు వేయించడం మంచిది. స్టిల్ట్ మీద, అంటే కింది అంతస్తును గోడలు లేకుండా పిల్లర్లతో వదిలి, ఇల్లు లేపేటప్పుడు ఇంజినీరుతో మరొక మాట తేల్చుకోవాలి: భూకంపాలకు తట్టుకునే కట్టడాల కోసం ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1893 లోని 2016 నాటి పటంలో విజయవాడ మూడో భూకంప జోనులో ఉంది, 2001 గుజరాత్ భూకంపంలో అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి కింది అంతస్తు గోడలు లేకుండా పిల్లర్ల మీదనే నిలిచి ఉండేది. నీటికి దారి ఇచ్చే ఖాళీయే భూకంపంలో బలహీనత కాకుండా, ఆ పిల్లర్లకు అదనపు ఇనుము, అక్కడక్కడ కాంక్రీటు గోడలు అవసరం.

తిరిగి బిందె దగ్గరికి వద్దాం. చాలా ఇళ్ళ కింద ఒక పెద్ద బిందె పాతిపెట్టి ఉంటుంది; దాని పేరు సంపు. లోపల 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల లోతు ఉండి, గోడలు, అడుగు, మూత 15 సెంటీమీటర్ల కాంక్రీటు అయితే, బయటి కొలతల ప్రకారం అది పక్కకు నెట్టే నీరు దాదాపు 9.5 టన్నులు. కాంక్రీటు బరువు సుమారు 8.8 టన్నులు. ఖాళీగా ఉంటే, చుట్టూ మట్టి నానిపోయి ఉంటే, అది పైకి లేవడానికి ప్రయత్నిస్తుంది. అదే మందం ఇటుక గోడలున్న సంపు ఇంకా తేలిక కాబట్టి ఇంకా ముందే. అందుకే హెచ్చరిక రాగానే సంపును మంచినీటితో నింపి పెట్టుకోవాలి.

వాస్తు ప్రకారం సంపు ఈశాన్యంలోనే ఉండాలని, ఆ మూలే పల్లంగా ఉండాలని మన మేస్త్రీలు పట్టుబడతారు. మురుగు కాలువ కూడా ఆ వైపే ఉన్న స్థలాల్లో వరద మొదట దిగేది సంపు మూతిలోకే. నీటికి తెలిసిన దిక్కు పల్లం ఒక్కటే. సంపు ఏ మూల తవ్వినా దాని మూతిని చుట్టూ గట్టు కట్టి పైకి లేపితే వాస్తుకు ఏ భంగమూ రాదు, కనుక ఈ విషయంలో వాదన కూడా అనవసరం.

వరద వెళ్ళాక జరిగే పొరపాటు ఇంకా పెద్దది. వీధిలో నీరు తగ్గగానే మోటారు పెట్టి సంపునూ, అపార్ట్‌మెంట్ సెల్లార్‌నూ ఒకేసారి తోడేయడం సహజమైన ఆత్రుత. వీధి మీద నీరు కనిపించకపోయినా నేలలోని నీరు ఇంకా పైమట్టంలోనే ఉంటుంది, నల్లరేగడి అయితే దాన్ని ఇంకా ఎక్కువ కాలం పట్టి ఉంచుతుంది. నీటిలో మునిగి ఉన్న బిందెను ఖాళీ చేసినట్టే ఇది: సంపు పైకి తన్నుకొస్తుంది, సెల్లార్ గోడలు లోపలికి ఒరుగుతాయి, అడుగు స్లాబు ఉబ్బి పగులుతుంది. మొదట ఒక్క అడుగు మేరకు తోడి, అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, రాత్రంతా ఆగాలి. తెల్లవారేసరికి మట్టం గుర్తును దాటి పెరిగి ఉంటే బయటి నీరు ఇంకా దిగలేదని అర్థం. మోటారు ఆపి, మరుసటి రోజు మళ్ళీ ఒక అడుగు తోడి చూడాలి. గుర్తు దగ్గరే నిలిచి ఉంటే, రోజుకు రెండు మూడు అడుగుల చొప్పున మిగిలినది తోడుకోవచ్చు.