పాలు పడని చుట్టానికి పండగ తీపి

చిరంజీవులకు,

అవ్వ ఆశీస్సులు. సంక్రాంతికి మీ ఇంటికి వచ్చే చుట్టాల్లో మీ ఈడు అమ్మాయికి పాలు పడవని, ఆ పిల్ల ఒక్కదానికి విడిగా పండ్లు కోసి పెడదామనుకుంటున్నామని ఫోన్లో చెప్పారు. అలా వద్దు. అందరి విస్తట్లో పాయసం పడి, ఒక్కరి విస్తట్లో అరటిపండు ముక్కలు పడితే ఆ పిల్లకు పండగలో కూర్చున్నట్టే ఉండదు. అందరికీ వడ్డించే తీపినే పాలు లేకుండా చెయ్యండి. బెల్లం, చెనక్కాయలు, టెంకాయలు, నువ్వులు ఇంట్లో ఉన్న చిత్తూరు జిల్లా వాళ్లకు ఇదేమంత కష్టం కాదు.

ముందు ఆ పిల్ల ఇబ్బంది ఏమిటో తెలుసుకోండి. పాలలో లాక్టోస్ అనే చక్కెర ఉంటుంది. ఆవుపాలు 100 మిల్లీలీటర్లలో సుమారు 5 గ్రాములు. దాన్ని అరిగించడానికి మన చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ తయారవుతుంది. తల్లిపాలు తాగే వయసులో ఇది దాదాపు అందరికీ బాగానే ఉంటుంది, పెద్దయ్యేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. అప్పుడు అరగని లాక్టోస్ పెద్దపేగులోకి పోతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తుంది, పేగులోకి నీళ్లు కూడా చేరతాయి. కడుపు ఉబ్బరం, నొప్పి, విరేచనాలు అందుకే. ప్రపంచంలో పెద్దవాళ్లలో సగానికి పైగా మందికి లాక్టోస్ పూర్తిగా అరగదు. కాబట్టి ఆ పిల్లను వింతగా చూడొద్దు. 'కొంచెం తింటే ఏమవుతుందిలే' అని ఎవరైనా బలవంతం చేస్తే మీరే అడ్డు చెప్పండి.

పాలు మరిగిస్తే లాక్టోస్ పోతుందనుకోకండి. లీటరు పాలు కాచి కాచి కోవా చేస్తే ఆవిరయ్యేది నీళ్లే, చక్కెర అంతా ఆ గుప్పెడు కోవాలోనే మిగులుతుంది. అందుకే కోవా బిళ్ల, గులాబ్ జామూన్ కొంచెం తిన్నా ఇబ్బంది పెట్టగలవు. పెరుగులో కొంత తక్కువ, నెయ్యిలో దాదాపు ఉండదు. అందుకని లాక్టోస్ పడనివాళ్లలో చాలామంది నెయ్యి తింటారు. కానీ పాల అలర్జీ వేరు. అది పాలలోని ప్రోటీన్ వల్ల వస్తుంది, చెంచాడు తగిలినా ప్రమాదం కావచ్చు, వాళ్లకు నెయ్యి కూడా వద్దు. ఈ రెంటిలో ఆ పిల్లది ఏదో వాళ్లమ్మను ఇప్పుడే అడగండి. చెనక్కాయలు, జీడిపప్పు పడతాయా అన్నదీ అదే ఫోన్లో అడిగేయండి.

ఇక తీపి సంగతి. పెసరబేడల పాయసం టెంకాయపాలతో చెయ్యండి. ముదురు టెంకాయ తురిమి, గోరువెచ్చని నీళ్లు కొంచెం పోసి రుబ్బి, గుడ్డలో వేసి పిండితే చిక్కటి పాలు వస్తాయి. అవి పక్కన పెట్టి, ఆ పిప్పినే మళ్లీ నీళ్లు పోసి రుబ్బి పలచటి పాలు తీయండి. గ్లాసు బేడలు దోరగా వేయించి పలచటి పాలల్లో ఉడికించాలి. గ్లాసు బెల్లం వేరే గిన్నెలో కరిగించి వడగట్టి పోయండి. వడగట్టడం మానొద్దు, ఎంత మంచి బెల్లంలోనైనా నలకలుంటాయి. అన్నీ కలిసి ఉడికాక పొయ్యి దించి, అప్పుడు చిక్కటి పాలు కలపండి. పొయ్యి మీదుండగానే పోసి తెర్ల కాగిస్తే విరిగినట్టయి నూనె తేలుతుంది. పైన యాలకులు, చిటికెడు సొంఠి. జీడిపప్పుకు నెయ్యి అక్కర్లేదు, వట్టి మూకుట్లో చిన్న మంట మీద వేయిస్తే చాలు. నన్నడిగితే బెల్లానికి ఆవుపాల కన్నా టెంకాయపాలే బాగా జత కుదురుతాయి.

అరిసెల్లో పాల ఊసే లేదు. కిలో బియ్యం ఒక రోజంతా నానబెట్టి, నీళ్లు వంచి, తడి ఆరకముందే పిండి పట్టించాలి. బెల్లం ముప్పావు కిలో. పాకం చుక్క నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టాలి, అంతకు మించితే అరిసె రాయవుతుంది. పాకం దగ్గర అమ్మ నిలబడాలి, మీరు నువ్వులు అద్దే పని చూసుకోండి. పాకంలో, చేతికి నెయ్యి వాడే అలవాటుంటే ఈసారి నూనె వాడండి. చెనక్కాయ నూనెలో కాల్చి, రెండు గరిటెల మధ్య నొక్కితే సరి.

కజ్జికాయలు, నువ్వులుండలు, చెనక్కాయ ఉండలు, బొరుగుల ఉండలు మీకు తెలిసినవే. ఓళిగలు (బొబ్బట్లు) కూడా నూనెతో కాల్చొచ్చు, పైన వేసుకునే నెయ్యి గిన్నెలో విడిగా పెట్టండి.

పొంగలి మాత్రం కాస్త ఆలోచించి చెయ్యాలి. కుండలో పాలు పొంగించడం మన ఆచారం, దాన్ని వదలమని నేను చెప్పను. దేవుడి ముందు చిన్న కుండలో పాలు పొంగించండి. అందరికీ వడ్డించే పెద్ద గిన్నె పొంగలి నీళ్లతో, టెంకాయపాలతో వండండి. పాలున్న గిన్నెలో పెట్టిన గరిటె దీంట్లో ముంచకండి.

అంగడి నుంచి తెస్తే ప్యాకెట్ వెనక చదవండి. పాలపొడి, మిల్క్ సాలిడ్స్, వే పౌడర్ (పాల విరుగుడు నీళ్ల పొడి) అని ఉంటే అది వద్దు. బిస్కెట్లలో, చాక్లెట్లలో కూడా ఇవి ఉంటాయి. మిఠాయి అంగట్లో విడిగా కొంటే దాంట్లో ఏం కలిపారో అక్కడివాళ్లను అడగాలి. సరిగ్గా చెప్పలేకపోతే కొనొద్దు.

పండగయ్యాక వాళ్లు కొండకు వెళతారట. శ్రీవారి లడ్డూలో శనగపిండి, చక్కెర, జీడిపప్పు, ఎండుద్రాక్ష, యాలకులు, నెయ్యి ఉంటాయి. నెయ్యి పడుతుందో లేదో ఆ పిల్లకే తెలుసు, తినడం మానడం ఆమెకే వదిలేయండి. దద్ధోదనం పెరుగుతో చేసేది కాబట్టి ఆ సంగతి ముందే చెప్పండి. పులిహోరలో పాలూ పెరుగూ ఉండవు.

బెల్లం నేను ఇక్కడే తీసి పంపిస్తాను. టెంకాయలు మాత్రం మీరే చూసి కొనండి, ఊపితే లోపల నీళ్లు చప్పుడు చెయ్యాలి. వాళ్లమ్మకు ఫోన్ చేశాక ఏమన్నారో నాకు చెప్పండి. అలర్జీ అని తేలితే అరిసెలకు కొత్త నూనె, కడిగిన మూకుడు వాడాల్సి ఉంటుంది, ఆ మాట అమ్మకు ముందే చెప్పాలి.

మీ అవ్వ
తిరుపతి