నిద్ర కాని నిద్ర

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

“తాతయ్యా, ఆపరేషన్ చేసేది సర్జన్ కదా, మరి నువ్వేం చేసేవాడివి?” అని అడిగారు. అందరూ నన్ను మత్తు డాక్టరు అనేవారు. మందు ఎక్కించి వెళ్లిపోతాడని చాలామంది అనుకుంటారు. ఎక్కించడం కొద్ది నిమిషాల పనే. ఆ తర్వాత చివరి కుట్టు పడేదాకా రోగి తల దగ్గర నుంచి కదలకూడదు. కండరాలు సడలే మందు ఇచ్చినప్పుడు ఊపిరి కూడా అతను సొంతంగా తీసుకోలేడు, మేమే అందించాలి.

చిన్నపిల్లలకు “నిద్రపుచ్చుతాను” అని చెప్పేవాణ్ని. అది పూర్తి నిజం కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నిద్రపోయేవాణ్ని గిల్లితే లేస్తాడు, మత్తులో ఉన్నవాడు కత్తి తగిలినా లేవడు. అన్నట్టు, ఆపరేషన్‌కు ముందు తిండి పెట్టలేదని ఎప్పుడూ అలగకండి. మత్తులో గొంతు తన కాపలా మానేస్తుంది. కడుపులోది పైకి తన్నితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే తేలికపాటి తిండికైనా 6 గంటలు, మంచినీళ్లకు 2 గంటల ఎడం ఉండాలంటాం.

మత్తు లేని రోజుల్లో రోగిని నలుగురు పట్టుకుంటే సర్జన్ ఆదరాబాదరా కోసేవాడు. ఎంత వేగంగా కోస్తే అంత గొప్ప. 1845లో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు అమెరికాలోని బోస్టన్‌లో నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువుతో నొప్పి లేకుండా పన్ను పీకి చూపించబోతే, రోగి అరిచాడు, చూడవచ్చినవాళ్లు ఎగతాళి చేశారు. మరుసటి ఏడాది అక్టోబర్ 16న అదే ఊళ్లో విలియం మోర్టన్ అనే మరో దంతవైద్యుడు ఈథర్ అనే మందు ఆవిరితో మత్తు ఇచ్చి నెగ్గాడు. చరిత్ర మోర్టన్‌ను తలుచుకుంటుంది. నాకు మాత్రం వెల్స్ మీదే ఆపేక్ష.

ఆపరేషన్ థియేటర్‌లో నా రోగులు మాట్లాడేవారు కాదు. నొప్పి క్లినిక్‌కు మారాక మాట్లాడే రోగులు వచ్చారు. నాకు వినడం రాదని అప్పుడే తెలిసింది. ప్రమాదంలో మోకాలి కింద కాలు పోయిన ఒకాయన, లేని పాదం మండుతోందన్నాడు. “అక్కడ పాదమే లేదు కదండీ” అన్నాను. “ఆ సంగతి నాకు తెలుసు డాక్టరుగారూ, నొప్పికే తెలియడం లేదు” అన్నాడు. ఆ రాత్రి సిగ్గుతో నిద్ర పట్టలేదు.

మామూలు నొప్పి కాపలా కుక్క లాంటిది, దొంగ వస్తే మొరుగుతుంది. 3 నెలలు దాటినా తగ్గకపోతే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటాం. చాలాసార్లు అప్పటికి గాయం మానినా నరాలు, వెన్నుపాము, మెదడు మొరగడం అలవాటు చేసుకుని ఉంటాయి. స్కాన్‌లో ఏమీ కనిపించదు, ఇంట్లోవాళ్లు నటన అంటారు. నటన కాదు.

మోకాలు కొట్టుకుంటే మీరు వెంటనే రుద్దుకుంటారు కదా? మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో దానికి కారణం చెప్పారు. వెన్నుపాములో నొప్పికి ఒక తలుపు ఉంటుందని, స్పర్శ కబురు దాన్ని కొంత మూయగలదని వారి సిద్ధాంతం. కాస్త మందు, కాస్త వ్యాయామం, అవసరమైతే నరం దగ్గర సూది, మనసుకు ఊరట, వీటితో ఆ తలుపును ఓరగా మూయాలని చూసేవాళ్లం. పూర్తిగా మూసుకున్నవి తక్కువే.

ఆ పాదం మంట కూడా పూర్తిగా పోలేదు. కానీ రాత్రికి నాలుగు గంటలు నిద్రపోతున్నానని ఆయన చెప్పిన రోజు, మేమిద్దరం చాలాసేపు ఇతర కబుర్లే చెప్పుకున్నాం.

మీ తాతయ్య