క్లీనర్ రాస్ డాక్టర్ కాదండీ: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఉప్పునీటి అక్వేరియాలు చూసుకోవడం నా పని. నన్ను ఎక్కువమంది అడిగేది క్లీనర్ రాస్ అనే సముద్రపు చేప గురించే. పది సెంటీమీటర్లకు అటూ ఇటూ పొడవు, నీలి ఒంటిమీద తోకవైపు వెడల్పయ్యే నల్లచార. పగడపు దిబ్బల దగ్గర మిగతా చేపల ఒళ్లు శుభ్రం చేస్తూ బతుకుతుంది.

అపోహ: చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే ఇదొకటి తెచ్చి వేస్తే చాలు.

చాలదు. ఆ జబ్బు తెచ్చే ఏకకణ జీవి చేప చర్మం లోపలికి దూరి కూర్చుంటుంది. రాస్ ఏరుకునేదేమో పైన అంటుకుని రక్తం పీల్చే సన్న పురుగుల్ని. అవి రొయ్యలకు దూరపు చుట్టాలు, ట్యాంకులో దాదాపు ఉండవు. ఆస్ట్రేలియాలో లిజార్డ్ ఐలాండ్ దిబ్బల దగ్గర లెక్కగడితే, ఒక్కో రాస్ రోజుకు సుమారు 1,200 పరాన్నజీవుల్ని తింటోందని తేలింది. అలాంటిదాన్ని నాలుగు చేపలున్న గాజుపెట్టెలో వేస్తే ఏం తింటుంది? చాలావరకు చిక్కి శల్యమై చనిపోతాయి. మొదట్లో నేనూ ఒకదాన్ని అలాగే పోగొట్టుకున్నాను. మనం వేసే మేతకు అలవాటుపడేవీ ఉంటాయి. కొనక తప్పదనుకుంటే షాపులో మేత తింటోందో లేదో కళ్లారా చూడండి. నన్నడిగితే మాత్రం వద్దనే అంటాను.

అపోహ: పాపం, నిస్వార్థంగా సేవ చేస్తుంది.

దానికి పురుగులకన్నా చేప ఒంటిమీది జిగురంటేనే ఇష్టం. సందు దొరికితే కొరికేస్తుంది. కొరికించుకున్న చేప ఉలిక్కిపడి తరుముతుంది, లేదా ఇంకో రాస్ దగ్గరికి పోతుంది. ఆ భయంతోనే బుద్ధిగా పురుగులు ఏరుతుంది. జంటగా పనిచేసేటప్పుడు ఆడది జిగురు కొరికి, వచ్చిన చేపను పోగొడితే మగది ఊరుకోదు, వెంటపడి తరుముతుంది. (ఆ మగదీ ఒకప్పుడు ఆడదే. గుంపులోని మగది పోతే ఆడవాటిలో పెద్దది మగదిగా మారిపోతుంది.)

అపోహ: ఆ చార ఉంటే క్లీనర్ రాసే.

అచ్చం ఇలాగే ఉండే బ్లెన్నీ అనే వేరే చేప ఒకటుంది. దగ్గరికొచ్చి రెక్కల ముక్క కొరికి పారిపోతుంది. నోరు చూడండి: రాస్‌కు మూతి కొసన, బ్లెన్నీకి మూతి కింద ఉంటుంది.

అపోహ: ఇంత చిన్న చేపకు తెలివేం ఉంటుంది?

2019లో జపాన్ పరిశోధకులు వీటి గొంతుకింద పురుగులా కనిపించే గోధుమరంగు చుక్క పెట్టి, అద్దం చూపించారు. చాలావరకు గొంతును ట్యాంకు అడుగుకేసి రాసుకున్నాయి. అద్దం తీసేస్తే రాసుకోలేదు, రంగులేని చుక్క పెట్టినా రాసుకోలేదు. అంటే అద్దంలో కనిపించేది తామేనని పోల్చుకున్నట్టే ఉంది.