మహిళల పోకర్ క్లాసు: అపోహలు – వాస్తవాలు

డాలస్ శివార్లలో వారాంతాల్లో ఆడవాళ్ళకి పోకర్ నేర్పుతుంటాను. రెండు టేబుళ్ళు, ప్లాస్టిక్ చిప్స్, ఒక వైట్ బోర్డు. అంతే మా సరంజామా. డబ్బు పెట్టి ఆడించను. నేర్పేది టెక్సాస్ హోల్డెమ్. ఈ ఆటకి ఇదే రాష్ట్రంలోని రాబ్స్‌టౌన్ అనే చిన్న ఊరు పుట్టిల్లని టెక్సాస్ శాసనసభ 2007లో తీర్మానం కూడా చేసింది. ఒక్కొక్కరి చేతికి రెండు ముక్కలు, టేబుల్ మీద అందరికీ కలిపి ఐదు. ఆ ఏడింటిలో మేలైన ఐదు ఎవరివైతే పాట్ (అందరూ వేసిన పందెం మొత్తం) వాళ్ళది.

వచ్చేవాళ్ళలో మన తెలుగువాళ్ళు బాగానే ఉంటారు. చేరే ముందు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు మాత్రం ఎప్పుడూ అవే. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: పేకాట అంటే పేకాటే. అంతా అదృష్టం.

మన దగ్గర ఈ వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని మీద పెట్టిన కేసులో 1960ల చివర్లో తీర్పునిస్తూ, రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అనీ, మూడు ముక్కలాటలాగా అది కేవలం అదృష్టం కాదనీ కోర్టు తేల్చింది. పోకర్‌లో రెండూ ఉంటాయి. మీ చేతిలో రెండు ఆసులు, అవతలివాళ్ళ చేతిలో రెండు రాజులు ఉన్నా వందలో దాదాపు 18 సార్లు రాజులే గెలుస్తాయి. ఆ ఒక్క ఆట వరకూ అది అదృష్టమే. వేల ఆటలు కలిపి చూస్తే ఎవరు సరిగ్గా ఆడుతున్నారో బయటపడుతుంది.

అలాగని ‘నైపుణ్యం ఉంది కాబట్టి జూదం కాదు’ అనే మాట నేననను. డబ్బు పందెం కాస్తే అది పందెమే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025లో కేంద్రం తెచ్చిన చట్టమైతే నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా కూడా చూడకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపేసింది. ఇండియాలో ఉన్న చెల్లెలికో వదినకో యాప్ లింకు పంపుదామనుకునేవాళ్ళు అది గుర్తుంచుకోండి.

అపోహ: ముఖం చూసి ఎదుటివాళ్ళ ముక్కలు కనిపెట్టేయాలి.

సినిమాల పుణ్యం. 2007లో, 19 ఏళ్ళు కూడా నిండకుండానే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ యూరప్ ప్రధాన టోర్నీ గెలిచిన నార్వే అమ్మాయి ఆనెట్ ఓబ్రెస్టాడ్ ఆట నేర్చుకున్నది ఆన్‌లైన్‌లో. అక్కడ ముఖాలే కనిపించవు. ఒకసారి 180 మంది ఆడిన ఆన్‌లైన్ టోర్నీని దాదాపు తన ముక్కలు చూసుకోకుండానే గెలిచింది కూడా. ఆమె చూసింది ఎవరు ఎంత పందెం వేస్తున్నారు, ఏ సీట్లోంచి వేస్తున్నారు అన్నదే.

క్లాసులో కనుబొమ్మల గురించి నేను ఒక్క నిమిషం కూడా మాట్లాడను. డీలర్ బటన్ (పంచే వంతు ఎవరిదో చూపే బిళ్ళ) ఎక్కడుందో చూడమని మాత్రం విసుగొచ్చేలా చెబుతాను. బటన్ దగ్గర కూర్చున్నవాళ్ళు చివర్లో ఆడతారు. మిగతావాళ్ళంతా ఏం చేశారో చూశాకే వాళ్ళ వంతు. ఒక మోస్తరు ముక్కలతో మొదటి సీట్లో ఆడడం వేరు, బటన్ దగ్గర ఆడడం వేరు.

అపోహ: పోకర్‌కి ధైర్యం కావాలి, అది ఆడవాళ్ళకి తక్కువ.

నేను చూసిందైతే దీనికి పూర్తిగా తలకిందులు. భయపడి ముక్కలు పడేసేవాళ్ళు తక్కువ. ‘ఏమొస్తుందో చూద్దాంలే’ అని ప్రతి పందానికీ కాల్ చేసేవాళ్ళే, అంటే ఎదుటివాళ్ళు వేసినంతా తామూ వేసేవాళ్ళే ఎక్కువ. కొత్త ఆటగాళ్ళ డబ్బు హరించుకుపోయేది బ్లఫ్‌లలో (మంచి ముక్కలున్నట్టు నమ్మించే పందేల్లో) కాదు, ఈ కుతూహలంలోనే. ఈ విషయంలో మగవాళ్ళూ ఏం తీసిపోరు లెండి.

తొమ్మిది మంది టేబుల్లో జాగ్రత్తగా ఆడేవాళ్ళు పదింటిలో ఏడెనిమిది సార్లు ముక్కలు మొదట్లోనే పడేస్తారు. రమ్మీ ఆడినవాళ్ళకి ఇది త్వరగా ఎక్కుతుంది. 101 పూల్‌లో ముక్కలు బాగాలేకపోతే మొదటే డ్రాప్ చేసి 20తో బయటపడతాం గానీ, కూర్చుని ఫుల్ కౌంట్ 80 నెత్తిన వేసుకోం కదా. ఇక్కడా అంతే.

అపోహ: లెక్కల్లో ఘనులైతేనే వస్తుంది.

రెండో ఎక్కం, నాలుగో ఎక్కం వస్తే చాలు. క్లాసులో బోర్డు మీద మొదట వేసే లెక్క ఇదీ.

మీ చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు ఎనిమిది. టేబుల్ మీద నాలుగు ముక్కలు తెరిచారు, అందులో రెండు ఇస్పేట్లు. ఇంకొక్క ఇస్పేటు పడితే మీకు ఫ్లష్, అంటే ఐదూ ఒకే జాతి ముక్కలు. మొత్తం 13 ఇస్పేట్లలో నాలుగు కనిపిస్తున్నాయి, మిగిలినవి తొమ్మిది. ఇంకా ఒక్క ముక్కే రావాలి కాబట్టి తొమ్మిదిని రెండుతో గుణించండి: 18. కచ్చితంగా కడితే 19.6 శాతం వస్తుంది, కానీ టేబుల్ దగ్గర ఈ ఉజ్జాయింపు చాలు. రెండు ముక్కలు రావాల్సి ఉంటే నాలుగుతో గుణించాలి.

ఇప్పుడు పాట్‌లో 60 ఉంది, ఎదుటామె 30 వేసింది. మీరు 30 కడితే పాట్ మొత్తం 120 అవుతుంది. 120లో 30 అంటే 25 శాతం. మీ అవకాశం 20 శాతం లోపే. ముక్కలు పడేయండి. అదే ఆమె 10 మాత్రమే వేసి ఉంటే, 80లో 10 అంటే 12.5 శాతం. నిక్షేపంగా కాల్ చేయొచ్చు. ముక్కలు అవే, పందెం మారేసరికి జవాబు మారిపోయింది. క్లాసులో చాలామంది ముఖాలు వెలిగేది ఇక్కడే.

అపోహ: ఆడవాళ్ళకి వేరే క్లాసంటే ఆటను తేలిక చేసి చెబుతారు.

పాఠంలో తేడా ఏమీ లేదు. వేరే క్లాసు ఎందుకంటే, ఎనిమిది మంది మగవాళ్ళ మధ్య ఒక్కర్తే కూర్చుంటే అడగని సలహాలు నాలుగు వైపుల నుంచీ వచ్చి పడతాయి. ఆ గోలలో సందేహం అడగాలనిపించదు. రెండోది, మాట బయటికి రావడం. ఎదుటివాళ్ళు 10 వేశారు, మీరు 25కి పెంచాలనుకుని 25 చిప్ ఒకటి నోరు మెదపకుండా ముందుకు తోశారనుకోండి. నియమం ప్రకారం అది కాల్ మాత్రమే. డీలర్ 15 వెనక్కి ఇచ్చేస్తారు. ముందు ‘రైజ్’ అని పైకి అనాలి, తర్వాతే చిప్ కదలాలి. చిన్న గొంతుతో అని, పాట్ గెలిచాక ‘సారీ’ చెప్పేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. మా క్లాసులో ‘రైజ్’ టేబుల్ అవతలి చివరికి వినిపించాలి. ‘సారీ’కి జరిమానా ఒక చిప్.

వరల్డ్ సిరీస్‌లో ఆడవాళ్ళ టోర్నీ 1977 నుంచీ ఉంది. మగవాళ్ళని రానివ్వకపోతే ఆ పోటీలు జరిగే నెవాడా రాష్ట్రంలో చట్టం ఒప్పుకోదు. అందుకని 2013 నుంచి ప్రవేశ రుసుము 10,000 డాలర్లని పెట్టి, ఆడవాళ్ళకి 9,000 తగ్గింపు ఇస్తున్నారు. చమత్కారం బాగుంది కదా!

ఇక ప్రధాన టోర్నీ ఫైనల్ టేబుల్‌కి 1995లో బార్బరా ఎన్‌రైట్ చేరి ఐదో స్థానంలో నిలిచింది. మళ్ళీ ఒక మహిళ అక్కడికి చేరింది 2025లో: స్పెయిన్‌కి చెందిన లియో మార్గెట్స్, ఏడో స్థానం. 30 ఏళ్ళ విరామం చూసి ఆడవాళ్ళకి రాదనుకునేరు. ఆ టోర్నీలో వందకి ఐదుగురు ఆడవాళ్ళు కూడా కూర్చోరు. కూర్చున్నవాళ్ళు గెలుస్తూనే ఉన్నారు. మన దేశం నుంచి నికితా లూథర్ 2018లో ట్యాగ్ టీమ్ (జట్టుగా వంతులవారీగా ఆడే) పోటీలో బ్రేస్‌లెట్, అంటే విజేతకిచ్చే కంకణం, తెచ్చుకుంది.

అపోహ: క్లాసు అయిపోతే పక్క సంపాదన మొదలవుతుంది.

దీనికి నా జవాబు మొహమాటం లేకుండా ఉంటుంది: ఎక్కువమంది దీర్ఘకాలంలో పోగొట్టుకుంటారు. మామూలు క్యాసినోలో ప్రతి పాట్ నుంచీ నిర్వాహకులు కొంత కోసుకుంటారు. టెక్సాస్‌లో అలా వాటా తీసుకోకూడదు కాబట్టి క్లబ్బులు సభ్యత్వానికీ, కూర్చున్న గంటలకీ వసూలు చేస్తాయి. గంటకి 12 డాలర్లనుకుంటే ఐదు గంటలకి 60. అంటే మీ పక్కవాళ్ళకంటే కాస్త బాగా ఆడితే చాలదు, ఆ 60 కూడా దాటేంత బాగా ఆడాలి.

అందుకే ఎవరైనా ‘అక్కా, ఎప్పుడు క్లబ్బుకి వెళ్దాం?’ అంటే ముందు ఒక నోటుపుస్తకం చేతిలో పెడతాను. ఇంట్లో చిప్స్‌తో ఆడిన ప్రతి ఆటా అందులో రాయాలి: ఏ సీటు, ఏ ముక్కలు, ఎందుకు కాల్ చేశారు. ‘ఎందుకు’ అన్న గడిలో ‘చూద్దామని’ అనే మాట కనిపించడం మానేశాక క్లబ్బు గురించి మాట్లాడుకుంటాం.