డెంప్‌స్టర్ రోడ్డు మీద సైకిల్ తొక్కాలనుకుంటున్న మా పిల్లలకు

చిరంజీవులకు పెదనాయన ఆశీస్సులు.

మీరంతా కలిసి కెనడా ఉత్తరాన డెంప్‌స్టర్ హైవే మీద సైకిళ్లు తొక్కాలని పట్టుబట్టి కూర్చున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వీసా, ఖర్చు అని ఆమెకు ఒకటే టెన్షన్. డబ్బు ఎట్లోగట్ల కూడుతుంది, నాకు ఆ దిగులు లేదు. రోడ్డు గురించే చెప్పాల్సింది చాలా ఉంది, ఉద్యోగమంతా రోడ్లు వేయించడంలోనే గడిపినవాణ్ణి కదా, కాస్త ఓపిగ్గా చదవండి.

డాసన్ సిటీకి 40 కిలోమీటర్ల దూరంలో మొదలై, ఆర్కిటిక్ వలయం దాటి ఇనూవిక్ దాకా సుమారు 740 కిలోమీటర్లు పోతుంది ఈ రోడ్డు. 1979లో తెరిచారు. 2017లో ఇనూవిక్ నుంచి సముద్రం ఒడ్డున ఉన్న టక్టోయాక్టక్ దాకా ఇంకో 138 కిలోమీటర్లు కలిపారు. దాదాపు అంతా గ్రావెలే. అక్కడ నేల లోపల ఏళ్ల తరబడి కరగని మంచు ఉంటుంది. నేల చదును చేసి దాని మీదే రోడ్డు వేస్తే ఎండాకాలం వేడికి ఆ మంచు కరిగి రోడ్డు కుంగిపోతుంది. అందుకని నేలను కదిలించకుండా, దాని మీద 1.2 మీటర్ల నుంచి 2.4 మీటర్ల మందాన గ్రావెల్ పోసి కట్టలాగా లేపారు. వేడి కిందికి దిగకుండా ఆ గ్రావెలే అడ్డం. మనం ఇక్కడ నీళ్లు నిలవకూడదని కట్ట లేపుతాం, వాళ్లు మంచు కరగకూడదని లేపారు. ఈ పని గురించి మొదటిసారి చదివినప్పుడు ఆ ఇంజనీర్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

సైకిల్ మీద పోయేవాళ్లకు దీని అర్థం ఏమిటంటే, రోడ్డు పక్కకు దిగడానికి అన్నిచోట్లా వీలుండదు. లారీ వస్తుంటే అంచున ఆగి, కాలు కింద పెట్టి, మొహం పక్కకు తిప్పుకుని నిలబడండి, టైర్ల కింద నుంచి రాళ్లు ఎగిరి వస్తాయి. అక్కడ బండ్లు కుడివైపున పోతాయి, ఆ అలవాటు ముందే చేసుకోవాలి. దుమ్ము లేవకుండా కాల్షియం క్లోరైడ్ చల్లుతారు, వాన పడితే అదంతా జిగట బురద. ఉరవకొండ దిక్కు నల్లరేగడిలో వానాకాలం సైకిల్ తోసినవాళ్లకు ఆ బాధ తెలుసు: మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య మట్టి కూరుకుపోయి చక్రం తిరగదు, పుల్ల పెట్టి గీక్కుంటూ పోవాలి. రాళ్లు కూడా పలకలు పలకలుగా, అంచులు పదునుగా ఉంటాయి. ట్యూబు పంక్చరైతే ప్యాచ్ వేసుకోవచ్చు, టైరే పక్కన చీలితే? పాత టైరు ముక్క ఒకటి కోసి దగ్గర ఉంచుకోండి. చీలిక దగ్గర లోపలివైపు అడ్డం పెట్టి మెల్లగా గాలి కొడితే తర్వాతి ఊరిదాకా లాగుతుంది. ఆ ఊరు ఎంత దూరమో చూడండి మరి. మొదలైన చోటి నుంచి ఈగల్ ప్లెయిన్స్ 369వ కిలోమీటరు దగ్గర, అప్పటిదాకా అంగడి లేదు.

ఈ రోడ్డుకు ఆ పేరెందుకు వచ్చిందో తెలుసుకోకుండా మాత్రం పోవద్దు. 1910 డిసెంబరులో ఫిట్జ్‌జెరాల్డ్ అనే పోలీసు అధికారి, ఇంకో ముగ్గురు, కుక్కల బండ్ల మీద ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుంచి డాసన్‌కు బయలుదేరారు. తొందరగా చేరాలని తిండి బరువు తగ్గించుకున్నారు. దారిలో గ్విచిన్ అనే అక్కడి ఆదివాసీ తెగ మనిషి ఒకాయన, ఆ నేల ఎరిగినవాడు, తోడు వచ్చాడు. కొద్దిరోజులకే ఆయన్ను పంపించేశారు. తర్వాత ఒక మలుపు దొరకలేదు. వెతుకుతూ రోజులు గడిపేసి, తిండి అయిపోయి, వెనక్కి తిరిగి, కుక్కల్నే తింటూ నడిచి, నలుగురూ దారిలోనే చనిపోయారు. 1911 మార్చిలో వాళ్లను వెతికి కనుక్కున్నవాడు డెంప్‌స్టర్ అనే పోలీసు, ఆయన పేరే ఈ రోడ్డుకు పెట్టారు. ఆ నలుగురి సమాధులు ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌లోనే ఉన్నాయి, మీ దారిలోనే వస్తుంది ఆ ఊరు, ఆగి చూసిరండి.

నాకు భయం ఎలుగుబంట్ల గురించి కాదు, మీలో ముందు పోయేవాడి గురించి. పెద్దోడా, నీ కాళ్ల బలం నాకు తెలుసు. నువ్వు పది కిలోమీటర్లు ముందు పోయి కూర్చుంటే, వెనక చిన్నమ్మి టైరు చీలినప్పుడు పంపు ఎవరి దగ్గర ఉంటుంది? పంపు, ప్యాచ్‌లు, రెంచీలు ఎప్పుడూ చివర వచ్చేవాళ్ల దగ్గరే ఉండాలి. ఈ రోజు ఎక్కడెక్కడ ఆగి అందరూ కలుసుకోవాలో పొద్దున్నే తేల్చుకోవాలి. రోజుకు ఎంత దూరం అనేది మెల్లగా తొక్కేవాళ్లు చెప్పాలి, మిగతావాళ్లు ఒప్పుకోవాలి. తిండి మాత్రం లెక్కకంటే రెండు రోజులు ఎక్కువే మోయండి. పీల్ నది, మెకంజీ నది రెండూ ఫెర్రీల మీద దాటాలి, ఫెర్రీ ఆగితే మీరూ ఆగాల్సిందే.

అవ్వ చెనక్కాయ ఉండలు చేసిస్తానంటోంది. బలానికి అంతకంటే మంచి తిండి లేదు. అయితే టెంటులో పెట్టుకోవద్దు. వంట, తిండి, చివరికి పళ్లపేస్టు కూడా టెంటుకు దూరంగా, ఎలుగులు తెరవలేని డబ్బాల్లో ఉండాలి. ఇనూవిక్‌లో మే నెల చివరి నుంచి జూలై సగం దాకా పొద్దు గుంకదు, వెలుతురుంది కదా అని తొక్కుతూనే ఉంటే ఒళ్లు కూలబడుతుంది, గడియారం చూసి పడుకోండి.

అనంతపురంలో ఏం ప్రాక్టీస్ చేస్తాం అన్నారట. ఆషాఢంలో ఉరవకొండ దిక్కు ఎదురుగాలికి తొక్కి చూడండి, అంతకంటే మంచి ప్రాక్టీస్ ఎక్కడ దొరుకుతుంది? మొదట మాత్రం సంక్రాంతి సెలవుల్లో సామాన్లన్నీ కట్టుకుని, తాడిపత్రి, జమ్మలమడుగు మీదుగా గండికోటకు పోయి రండి. వీలైనచోటల్లా తారురోడ్డు వదిలి మట్టిరోడ్లు పట్టండి. చివర ఎవరు వస్తారో, పంపు ఎవరి దగ్గర ఉంటుందో తేల్చుకుని ఆదివారం లోపల నాకు ఫోన్ చేయండి.

మీ పెదనాయన